అత్తయ్య పన్నూ, ఆరో కాగితమూ

జూన్ 2

పిడుగుకి,

ఆశీస్సులు చివర్లో ఉంటాయి, ముందు తిట్లు చదువుకో.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో మనిద్దరం ఒకేసారి అరుస్తాం, ఎవరికీ ఏమీ వినిపించదు. కాగితం మీదైతే నేను చెప్పడం అయ్యేదాకా నువ్వు నోరెత్తడానికి వీల్లేదు.

నా క్లినిక్కి ముప్పయ్యేళ్లు నిండాయని ఏప్రిల్లో నువ్వొక పెట్టె పంపావు. కొత్తరకం సీలర్ మావయ్యా, మా కాలేజీలో అందరూ ఇదే వాడుతున్నారు, నువ్వూ వాడి చూడు అని ఊదరగొట్టావు. చదువుకున్న పిల్ల, నా చేతికింద పని నేర్చిన పిల్ల, మేనమామని ముంచుతుందా అనుకున్నాను. కొత్త వస్తువేదైనా ముందు ఇంట్లోవాళ్లకి వాడాకే బయటివాళ్ల నోట్లో పెట్టాలన్నది నా నియమం. ఆ వారమే మీ అత్తయ్యకి కుడివైపు చివరి దవడ పన్ను సలపడం మొదలైంది. రూట్ కెనాల్ చేసి, నీ సీలరే పెట్టి, క్యాప్ కూడా వేశాను.

ఆరు వారాలు తిరక్కుండానే కొరికితే నొప్పి అంది. నిన్న చూస్తే చిగురు మీద కందిగింజంత పొక్కు. అంటే లోపల మళ్లీ చీము పట్టిందన్నమాట. నీకు తెలిసిన సంగతే అయినా కోపంలో మళ్లీ చెబుతున్నాను: కుళ్లిన నరం తీసి, వేరు లోపలంతా కడిగి, ఆరబెట్టి, రబ్బరు పుల్ల దింపినప్పుడు ఆ పుల్లకీ వేరు గోడకీ మధ్య సందు లేకుండా పట్టి ఉంచాల్సింది సీలర్. దానికున్నది ఆ ఒక్క ఉద్యోగమే. అదీ చెయ్యలేకపోయింది. నువ్వు పంపింది సీలర్ కాదు, శుద్ధ మోసం. సున్నం పిండికి రంగు డబ్బా తొడిగి అమ్ముతున్నారు, మీలాంటి వాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

మీ అత్తయ్య పాపం మూడు రోజులుగా గిన్నెలో పాలు పోసుకుని, రొట్టె ముక్క నానబెట్టుకుని తింటోంది. వేయించిన వేరుశెనక్కాయలు తెచ్చిపెడితే డబ్బా వైపు చూసి నిట్టూర్చింది. నా మీద కోపం రాదావిడకి, అదే నాకు మండిపోతోంది.

దీనికి నీ సమాధానమేమిటి? ఆశీస్సులు సమాధానం చూశాక.

మావయ్య

—

జూన్ 7

మావయ్యకి,

నమస్కారాలు ముందే పెడుతున్నాను. చివరికొచ్చేసరికి పెట్టే ఓపిక ఉండకపోవచ్చు.

అత్తయ్య నొప్పి గురించి చదివి చాలా బాధేసింది. కానీ ఆ నొప్పిని తీసుకొచ్చి నా నెత్తిన రుద్దడం ఏం న్యాయం? ఆ సీలర్ ఇక్కడ రోజుకి పదిమందికి పెడుతున్నాం. నేను ఎనిమిది నెలలుగా దాని మీదే పరిశోధన చేస్తున్నాను. నా బల్ల మీద సీసాల నిండా పీకిన పళ్లే. రంపంతో వాటిని బిళ్లలు కోసీ కోసీ నా చూపుడువేలు బండబారిపోయింది. నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా అడిగావా? అడగవు. నీకు నేనింకా నీ క్లినిక్‌లో గ్లాసుల్లో నీళ్లు పట్టే పిల్లనే.

సరే, పన్ను సంగతికొద్దాం. వేర్ల లోపల నాలుగో కెనాల్ దారి వెతికావా? చివరి పళ్లలో నాలుగోది దాక్కుని ఉంటుంది, పాత డాక్టర్లు చాలామంది దాన్ని వదిలేస్తారు. వదిలేస్తే ఎంత గొప్ప సీలర్ పెట్టినా చీము పట్టక మానదు. ఎక్స్‌రే పంపు, చూస్తాను.

ఇంకోమాట. నేను ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ పంపాను. అది చదివి చేసి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు. కానీ నువ్వు చదవవు. నీకు చెప్పేవాళ్లు పుట్టలేదు కదా.

పన్ను మాత్రం తొందరపడి ఏమీ చెయ్యకు. అత్తయ్యకి ఎడమవైపు కింద దవడ పళ్లు రెండూ లేవు. నువ్వు కొత్తగా క్లినిక్ పెట్టిన ఏడాది వాటిని పీకింది కూడా నువ్వేనని ఆవిడ ఎప్పుడూ అనదు, నేనంటున్నాను. ఆవిడ నమిలేది కుడివైపే.

మీ పిడుగు

—

జూన్ 12

పిడుగూ,

గుడ్డొచ్చి పిల్లనెక్కిరించిందట. ఇన్నాళ్లూ సామెతగానే విన్నాను, ఇప్పుడు పోస్టులో అందింది.

నాలుగో కెనాలా? అది కింది పన్నమ్మా! కింది పన్ను! అలా దాక్కునేది పై పళ్లలో. దీనికి మూడు కెనాళ్లే ఉన్నాయి, నాలుగోది భూతద్దం పెట్టి అరగంట వెతికి లేదని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టాను. ఎక్స్‌రే దీంతో పంపుతున్నాను. మీ ప్రొఫెసర్లందర్నీ పిలిచి కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. పుల్ల వేరు చివరకంటా దిగింది, ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. పాత డాక్టర్లు వదిలేస్తారట! ఈ పాత డాక్టరే నీకు ఎక్స్‌రే తలకిందులుగా పట్టుకోకూడదని నేర్పింది.

ఆ ఎర్ర గీతల గొడవ మళ్లీ ఎత్తావా? నిరుడు నువ్వు పంపిన పత్రిక వ్యాసం మరిచిపోయాననుకున్నావేమో. పదకొండు చోట్ల ఎర్ర గీతలు. బడిపిల్లాడి నోటుపుస్తకం దిద్దినట్టు! రెండు నెలలు నీతో మాట్లాడలేదు నేను. నువ్వూ తక్కువ తినలేదు, ఫోన్ చేసి అత్తయ్యతో మాత్రమే మాట్లాడేదానివి. ఆవిడ ఇటు నీకు చెప్పలేక, అటు నాకు చెప్పలేక మధ్యలో నలిగిపోయింది. మానుతున్న పుండుని మళ్లీ ఎందుకు గోకుతావు?

ఇక ఆరబెట్టడం గురించి నువ్వు అడక్కముందే చెబుతాను. నాదగ్గర పని నేర్చుకున్న రోజుల్లోనే నీకు చెప్పాను: పొడి వేరుకి ఏదైనా అంటుకుంటుంది, తడి వేరుకి ఏదీ అంటుకోదు. పేపర్ పాయింట్లు, అదే ఆ తడి పీల్చే కాగితపు పుల్లలు, ఒకటి తర్వాత ఒకటి దింపుతాను. నాలుగోదానికే కొస పొడిగా వస్తుంది. అందరూ అక్కడ ఆగిపోతారు. నేను ఆగను. అయిదోది, ఆరోది. ఆపైన స్పిరిట్ చుక్క, ఆపైన గాలి. మీ అత్తయ్యకి ఈ పనంతా రెండుసార్లు చేశాను, సొంత మనిషి కదా అని. ఆ వేరులో చీమ కాలు కడుక్కునేంత తడి కూడా లేదు. అయినా నీ సీలర్ పట్టలేదంటే తప్పెవరిదో నువ్వే చెప్పు.

ఇంకో రెండు వారాలు మందులిచ్చి చూస్తాను. తగ్గకపోతే ముప్పయ్యో తారీఖున ఆ పన్ను పీకేస్తాను. చీముని నోట్లో పెట్టుకుని ఎన్నాళ్లని తిరుగుతుందావిడ? ఆ రోజు నువ్వు గుర్తుంచుకోవాలి, ఆ పన్ను నీ బహుమతికి పోయిందని.

ఆశీస్సులు ఇంకా నాదగ్గరే ఉన్నాయి.

మావయ్య

—

జూన్ 17

గౌరవనీయులైన మావయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. కింది పన్నని మొదటి ఉత్తరంలో మీరు రాయలేదు. అయినా నేను అడగకుండా ఊహించడం తప్పే, క్షమించండి. ఎక్స్‌రే చూశాను. పని అద్దంలా ఉంది, అందులో వంక పెట్టడానికేమీ లేదు.

ఆ తర్వాతి మాట మాత్రం మళ్లీ మళ్లీ చదివాను. ఆరు కాగితాలు. స్పిరిట్. గాలి. అదీ రెండుసార్లు!

నా ఎనిమిది నెలల పనేమిటో మీరు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. పీకిన పళ్ల వేర్లు అరవై తీసుకుని మూడు వాటాలు చేశాను. ఒక వాటాని అచ్చం మీ పద్ధతిలో ఆరబెట్టాను, ఎందుకంటే నాకు చేతనైన పద్ధతి అదే, మీరు నేర్పిందే. రెండో వాటాలో కాగితం కొసకి కొంచెం చెమ్మ అంటుతుండగానే ఆపేశాను. మూడోదాంట్లో నీళ్లు అలాగే వదిలేశాను. మూడింటికీ ఈ సీలరే పెట్టి, కొన్నాళ్లు ఆగి, వేర్లని అడ్డంగా బిళ్లలు కోసి, మధ్యలో ఉన్నదాన్ని సన్న ఉక్కు మేకుతో మిషన్ మీద నొక్కి, ఎంత బలానికి ఊడుతుందో చూశాను. నీళ్లు వదిలేసినవి తొందరగానే ఊడాయి, ఆ మాటవరకూ మీది నిజమే. చెమ్మ ఉంచినవి మిషన్ని ఏడిపించాయి. మీ పద్ధతిలో ఎండబెట్టినవాటిలో కొన్ని, మిషన్ దాకా కూడా పోలేదు. నేను కోస్తుండగానే ఊడి అరచేతిలో పడ్డాయి.

ఎందుకంటే ఈ సీలర్ నీళ్లు తాగి గట్టిపడుతుంది. వేరు గోడలో ఉండే కాస్త చెమ్మే దానికి దిక్కు. ఆ చెమ్మ కూడా మీరు స్పిరిట్ పెట్టి లాగేశారు. సిమెంటు పూసి నీళ్లు చల్లకపోతే ఏమవుతుందో ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు.

నేను ఇదంతా మీకు ముందే చెప్పాను. ఏప్రిల్లో పెట్టెతో పాటు పంపిన వాడకం కాగితంలో, "వేరును పూర్తిగా ఎండబెట్టరాదు" అన్న వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. పక్కన "మావయ్యా, ఇది నీకోసమే, కోప్పడకుండా చదువు" అని కూడా రాశాను. అది చూసి కూడా మీరు పట్టుబట్టి ఆరో కాగితం దాకా పోయారంటే అది పొరపాటు కాదు, పంతం. ఆ పంతానికి అత్తయ్య నోరు వేదికైంది. పైగా సీలర్ మోసమట. ఆడలేక మద్దెల ఓడన్నారని విన్నాను, మా ఇంట్లోనే చూస్తాననుకోలేదు.

ఆ పన్ను పీకే హక్కు మీకు లేదు. తెరిచి, పాతది తీసి, మళ్లీ చెయ్యొచ్చు. పీకితే మాత్రం నేను మీ గుమ్మం తొక్కను.

ఇట్లు
మీ మేనకోడలు

—

జూన్ 21

పిడుగూ,

తిట్టావు, పడ్డాను. చిన్నప్పుడు నా మీద ఇంకు సీసా విసిరావు, అదీ పడ్డాను. కానీ "మీరు" అంటావా నన్ను? "గారు" తగిలిస్తావా? ఉత్తరం మొదటి వరుస చదివి, ఎవరిదో మనకొచ్చిందేమోనని కవరు తిప్పి చూసుకున్నాను.

అదలా ఉంచు. దానికంటే పెద్దమాట ఇంకోటి రాశావు. పెట్టెతో పాటు కాగితం పంపావా? ఎర్ర గీతలు రెండు? నాకోసం రాసిన మాట? పిడుగూ, ఆ పెట్టెలో రెండు సిరంజీలూ, సన్న గొట్టాల పొట్లమూ తప్ప ఇంకేమీ లేవు. అట్ట లోపలికంటా చూశాను నేను. కాగితమన్నదే లేదు. వాడకం కాగితం లేదేమిటా అని కూడా అనుకున్నాను. సరే, నాకు తెలియని పనా, సీలర్ సీలరే కదా అని ఊరుకున్నాను.

నువ్వు మొండిదానివి, నోటిదురుసుదానివి, నా దగ్గర ఎక్స్‌రే దొంగతనంగా చూసి జవాబు చెప్పిన రోజులున్నాయి. కానీ అబద్ధమాడటం ఎప్పుడూ చూళ్లేదు. పంపడం మరిచిపోయి ఉంటే మరిచిపోయానని రాయి. నేనేం ఉరెయ్యను. మరిచిపోయినదాన్ని నా పంతం కింద జమకట్టడం మాత్రం చాలా అన్యాయం. ఆ ఉత్తరం చదివినప్పటినుంచీ పని మీద ధ్యాస నిలవడం లేదు. నిన్న నర్సమ్మ "డాక్టరుగారూ, అది పై దవడండీ" అని గుర్తు చెయ్యాల్సొచ్చింది.

అంతా మన చేతులారా చేసుకున్నదేనా? ముప్పయ్యేళ్లుగా నేను ఎండబెట్టిన వేర్లన్నీ తప్పేనా? ఆ మాట నిజమైతే సూటిగా చెప్పు. అబద్ధం తోడు పెట్టి చెప్పకు.

మీ అత్తయ్య పొక్కు తగ్గలేదు. ముప్పయ్యో తారీఖు, ఉదయం పదింటికి. నర్సమ్మకి చెప్పేశాను.

మావయ్య

—

జూన్ 25

మావయ్యా,

"మీరు" వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధమన్న మాట నువ్వు వెనక్కి తీసుకునేదాకా మిగతావేవీ తీసుకోను.

నేను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. సిరంజీల మీద, మూత తియ్యగానే కనిపించేలా పెట్టి, ఊడిపోకుండా పసుపుపచ్చ రబ్బరు బ్యాండు వేశాను. మా హాస్టల్ రూములో కిటికీ పక్క మంచం మీద కూర్చుని వేశాను. పక్క రూమమ్మాయి "ఇన్ని జాగ్రత్తలా" అని నవ్వింది కూడా. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి నీకు? నన్ను ఎన్నన్నా అను, అబద్ధాలకోరునని మాత్రం అనకు. ఆ మాట చదివి ల్యాబ్‌లో అందరి ముందూ ఏడ్చాను. అందరూ వేలు తెగిందనుకున్నారు.

ముప్పయ్యేళ్ల సంగతి అడిగావు. సూటిగానే చెబుతున్నాను. నువ్వు ఇన్నాళ్లూ వాడిన పాత సీలర్ ఇంకో జాతి. దానికి నీళ్లతో పని లేదు, కాబట్టి నీ పద్ధతి దానితో చాలావరకు నడిచింది. నీ దగ్గర చేయించుకున్న పళ్లతో ఊళ్లో సగంమంది ఇంకా నములుతున్నారు. సీలర్ మారింది, చెయ్యి మారలేదు, అంతే. నా బల్ల మీది బిళ్లలు నీ ముప్పయ్యేళ్లనీ కొట్టిపారెయ్యవు. అరవై వేర్లు చూసి లోకమంతా ఇంతేనని కూడా నేననను. కానీ అత్తయ్య పన్నులో జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం. తెరిచి చూస్తే తెలిసిపోతుంది: పుల్ల పట్టుకుని లాగితే గోడకి అంటకుండా వచ్చేస్తే నేను చెప్పింది నిజం. గట్టిగా పట్టుకుని ఉంటే, నీ పన్ను నీ ఇష్టం.

పార్సిల్ విప్పింది ఎవరు? నువ్వు ఏ పార్సిలూ విప్పవు, కత్తెర ఎక్కడుంటుందో కూడా నీకు తెలీదు. నర్సమ్మనడుగు. మొన్న అత్తయ్యకి ఫోన్ చేసి, పీకనివ్వకు అని చెబుదామనుకున్నాను. "మీరూ మీరూ చూసుకోండమ్మా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అని పెట్టేసింది. మధ్యాహ్నం మూడింటికి ఏం పాలు మావయ్యా? ఆవిడకి కూడా నా మీద కోపమేనా?

పిడుగు

—

జూన్ 29

పిడుగూ,

రేపు పన్ను పీకడం లేదు. ఆ మాట ముందు చెప్పేస్తే నువ్వు ఊపిరి పీల్చుకుని మిగతాది చదువుతావని ముందే రాశాను.

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. భోజనాల దగ్గర పైకి చదివాను, నీ అబద్ధం ఎంత ముచ్చటగా అల్లావో మీ అత్తయ్యకి కూడా తెలియాలని. నాలుగు మడతలూ, పసుపుపచ్చ రబ్బరు బ్యాండూ అన్న దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో చెంచా ఆగిపోయింది. "మీరు చదవడం ఆపండి" అంది. లేచి లోపలికి వెళ్లింది. కుట్టుమిషన్ సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. వచ్చి నా కంచం పక్కన పెట్టింది. నాలుగు మడతలు. పసుపుపచ్చ బ్యాండు. విప్పితే రెండు ఎర్ర గీతలు. "మావయ్యా, ఇది నీకోసమే, కోప్పడకుండా చదువు."

కోప్పడకుండానే చదివాను, పిడుగూ. కోపం రావడానికి కూడా ఒంట్లో శక్తి ఉండాలి కదా. నిన్ను అబద్ధాలకోరు అన్నాను. దానికి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. వెనక్కి తీసుకుంటున్నాను అంటే సరిపోదు, అయినా తీసుకుంటున్నాను.

ఆవిడ మీద మాత్రం అరిచాను. అరవలేదని చెబితే అది అబద్ధమవుతుంది. "నా పెట్టెలోంచి కాగితం తీస్తావా" అని అరిచాను. ఆవిడ తిరిగి అరిచింది. పెళ్లయిన ముప్పయ్యొక్క ఏళ్లలో మొదటిసారి. మేడ కింది టైలరు షాపులో కుట్టుపని ఆగిపోయింది. ఏమందో ఆవిడే రాస్తానంటోంది, కాగితం ఇస్తున్నాను.

అమ్మాయ్, మీ అత్తయ్యని. పార్సిల్ విప్పగానే పైనున్న కాగితం మడతల్లోంచి ఎర్ర గీతలు కనపడ్డాయి. నిరుడు ఆ గీతలకే గదా మీ ఇద్దరూ రెండు నెలలు మొహాలు మాడ్చుకుని కూర్చుంది. ఆయన దానికి అన్నం తినకుండా లేచిపోవడం, నువ్వు ఫోన్ చేసి నా దగ్గర ముక్కు చీదడం. ఇంకోసారి నావల్ల కాదు తల్లీ అనుకుని తీసి దాచేశాను. అందులో ఏం రాసుందో చదవలేదు, చదివినా నాకేం తెలుస్తుంది. నా పన్నులో పెట్టబోయే మందుకి సంబంధించిందని ఊహిస్తే దాచేదాన్నా? నొప్పొచ్చాక అనుమానం వచ్చింది, కానీ అప్పటికి చెబితే ఇద్దరూ కలిసి నామీద పడతారని భయమేసింది. పాలు పొంగుతున్నాయని నీకు అబద్ధం చెప్పాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నా. కానీ ఒక్కమాట అడుగుతా. ఒక కాగితం మీద గీత గీస్తే ఇల్లు అదిరిపోయేంత పెద్ద డాక్టర్లా మీరు? ఒకరికి చెబితే తప్పు, ఒకరికి చెప్పించుకుంటే తప్పు. చదువులు మీ ఇద్దరివీ, పన్ను నాదీ. మీ పంతాల మధ్య నలిగి నేను శాంతి కోసం దాచాను, దానికి నాకే వాచింది. ఇంకోసారి మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేస్తే, నేను ఇద్దరితోనూ మానేస్తా. రాసేశా.

చూశావుగా. ఇందులో నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

మావయ్య

—

జూలై 4

మావయ్యకీ, అత్తయ్యకీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం, మళ్లీ ఏదీ మధ్యలో ఆగిపోకుండా.

అత్తయ్యా, నీమీద కోపం తెచ్చుకుందామని రెండు రోజులు ప్రయత్నించాను. రాలేదు. వచ్చిన కోపమంతా తిరిగి తిరిగి నా మీదకే వచ్చింది. ఏప్రిల్లో మావయ్యతో ఫోన్లో అరగంట మాట్లాడాను. ఆ సీలర్ ఎంత గొప్పదో చెప్పాను గానీ, "వేరు మరీ ఎండబెట్టకు" అన్న ఒక్క ముక్క నోటితో చెప్పలేదు. ఎందుకు? అరుస్తాడని భయం. అందుకే కాగితం మీద గీసి, నాలుగు మడతలు పెట్టి దాక్కున్నాను. నేను రబ్బరు బ్యాండు వెనక దాక్కున్నాను, నువ్వు ఆ కాగితాన్ని సొరుగులో దాచావు. ఇద్దరం ఒకే మనిషికి భయపడ్డాం. ఆ మనిషి చెడ్డవాడు కూడా కాదు, అదీ నా ఉక్రోషం.

మావయ్యా, అబద్ధమన్న మాట పోయింది. కానీ ఇది నీకు నోటితో చెబుతున్నట్టే చదువు: రెండో కాగితమో మూడో కాగితమో, కొసకి చెమ్మ అంటి వచ్చిందంటే ఆగిపో. స్పిరిట్ సీసా గదిలో ఉంచనే ఉంచకు. అరుచుకుంటావో లేదో నీ ఇష్టం.

పిడుగు

—

జూలై 24

పిడుగుకి,

ఆశీస్సులు. ఈసారి ముందే.

ఒకటో తారీఖున మీ అత్తయ్య పన్ను తెరిచాను. క్యాప్ తీసి, రబ్బరు పుల్ల కొస చిన్న పట్టకారుతో పట్టుకుని లాగాను. లాగానని రాశాను గానీ, లాగనే లేదు, అదే వచ్చేసింది. దాని చుట్టూ తెల్లగా, పొడిపొడిగా నీ సీలర్. వేరు గోడకి ఎక్కడా అంటిన గుర్తు లేదు. మూడు కెనాళ్లలోనూ అంతే. ఆ పుల్లని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాను. నర్సమ్మ ఏమైందండీ అని అడిగింది. "మా పిడుగు చెప్పింది నిజమైంది" అన్నాను.

ఇక నీకు చెప్పని సంగతి ఒకటుంది. ముందు ఇంట్లోవాళ్లకి, తర్వాతే బయటివాళ్లకి అని మొదటి ఉత్తరంలో గొప్పగా రాశాను. మీ అత్తయ్యకి రెండు వారాలు నొప్పి లేకపోయేసరికి నమ్మకం కుదిరి, ఇంకో ఏడుగురికి అదే పెట్టాను, అదే ఆరు కాగితాలతో. ఏడుగురికీ నేనే ఫోన్ చేశాను. నర్సమ్మ చేత చేయించలేదు. "నా పనిలో తప్పు జరిగింది, వచ్చి చూపించుకోండి" అన్నాను. బట్టల ఇస్త్రీ ఆయన "మీరు చెబితేనే కదా నాకు తెలిసింది, నొప్పి కూడా లేదు" అని ఆశ్చర్యపోయాడు. లెక్కల మాస్టారు మాత్రం గొంతు చించుకుని తిట్టాడు. తిట్టనీ. ఎన్నాళ్లకో నా కంటే గట్టిగా అరిచేవాడు దొరికాడు. ఎక్స్‌రేలు తీశాను. ఇద్దరికి వేరు కొసన నీడ, అంటే చీము గుర్తు, కనిపిస్తోంది, వాళ్లకి మళ్లీ చేస్తున్నాను. మిగతా అయిదుగురిని మూడు నెలలకోసారి రమ్మన్నాను.

మీ అత్తయ్యకి లోపల మందు పెట్టి రెండు వారాలు ఉంచాను. పొక్కు మాయమైంది. పద్దెనిమిదో తారీఖున మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ ముందు రోజంతా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నీ వాడకం కాగితం చదివింది, మొదటినుంచి చివరిదాకా, వేలు పెట్టుకుని. నీకేం అర్థమవుతుంది అన్నాను. "ఎర్ర గీతల దగ్గర అర్థమవుతోంది" అంది.

స్పిరిట్ సీసా కింది షాపులో ఇచ్చొచ్చాను, నీ ఆజ్ఞ ప్రకారమే. మొదటి కాగితం నిలువునా తడిసి వచ్చింది. రెండోది సగం. మూడోదానికి కొసన నువ్వుగింజంత చెమ్మ. ఇక్కడే ఆగాలి. నాకు తెలుసు, మనసులో "ఆగు" అనుకుంటూనే ఉన్నాను. కానీ ముప్పయ్యేళ్ల చెయ్యి కదా పిడుగూ, నన్నడక్కుండానే ట్రే వైపు వెళ్లి నాలుగో కాగితం తీసింది. తీసి పన్ను దాకా తెచ్చింది.

మీ అత్తయ్య నోటికి అడ్డంగా రబ్బరు షీటు, నోట్లో దాన్ని పన్నుకి బిగించే క్లాంపు, మాట్లాడే దారి లేదు. చప్పున చెయ్యెత్తి, గ్లౌజుకి పైన నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగానంటే నాలుగో కాగితం నేల మీద పడింది. సీలర్ పెట్టి, పుల్ల దించి, పైన మూసేదాకా ఆవిడ కళ్లు నా చేతి మీదనుంచి కదల్లేదు.

ఇకమీద ఏం పంపినా గీతలు గీసే పంపు. నేను అరుస్తాను, అది నా జబ్బు. నువ్వు గీయడం ఆపకు.

ఇవాళ ఆవిడ వరండాలో కూర్చుని కుడివైపు వేరుశెనక్కాయలు నములుతోంది. ఇంకో వారం ఆగమంటే వినడం లేదు. నా మణికట్టు మీద నాలుగు గోళ్లూ దిగి నాలుగు ఎర్ర గీతలు పడ్డాయి. ఈసారి చదివాను.

మావయ్య